ఊరి పేరు ఎవరి సాక్ష్యం?

రెండేళ్ల కిందట మా మండలంలో జరిగిన ఒక సాహిత్య సభలో 'వాకాడు - పేరు పుట్టుక' అనే వ్యాసం చదివాను. 'వాక' అంటే ఏరు, 'కాడు' అంటే అడవి, స్వర్ణముఖి ఒడ్డున అడవి నరికి కట్టుకున్న ఊరు కనుక వాకకాడు, అదే అరిగి వాకాడు అయిందని నిస్సంకోచంగా తేల్చేశాను. సభ చప్పట్లు కొట్టింది. పెద్దలు భుజం తట్టారు. సభ సంచికలో అచ్చు కూడా అయింది. నిరుడు తొమ్మిదో తరగతి పరీక్ష పత్రాలు దిద్దుతుంటే 'మా ఊరు' అనే ప్రశ్నకు పదకొండుమంది పిలకాయలు నా వాక్యాన్నే జవాబుగా రాశారు. పదకొండుమందికీ మార్కులు వేశాను. నిజమని వేయలేదు, నేను చెప్పిందే రాశారు గనుక వేశాను. ఆ రాత్రి నాకు కలిగిన ఇబ్బందే ఈ వ్యాసానికి కారణం.

నా తప్పు ఎక్కడుంది? 'వాక' అనే మాట నేను కల్పించింది కాదు. బ్రౌన్ నిఘంటువులో ఉంది, మా ముసలివాళ్ల నోట ఉంది. 'కాడు' కూడా ఉంది. అయితే రెండు మాటలు భాషలో ఉన్నంత మాత్రాన అవి మా ఊరి పేరులో ఉన్నట్టు రుజువు కాదు. 'కాడు' తీసేసి 'పాడు' పెట్టినా, 'వాడ' పెట్టినా అంతే ముచ్చటైన కథ అల్లవచ్చు. మూడు కథలూ ఒకేసారి నిజం కాలేవు. వాటిలో ఒకదాన్ని నిలబెట్టి తక్కిన రెంటినీ కొట్టేయగలిగింది పాత రాత ఒక్కటే: ఫలానా సంవత్సరంలో, ఫలానా శాసనంలో, ఫలానా కాగితంలో ఈ పేరు ఇలా రాసి ఉంది అనే సాక్ష్యం. బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి గార్లు సేకరించిన నెల్లూరు జిల్లా శాసనాలు 1905లోనే మూడు సంపుటాలుగా అచ్చయ్యాయి. వాటిని తెరిచి చూడకుండానే నేను వ్యాసం రాశాను. ఎమ్మే చదివిన తెలుగు పంతులుగా ఈ మాట ఒప్పుకోవడానికి సిగ్గుపడుతున్నాను గాని, ఒప్పుకోకుండా ముందుకు సాగడం కుదరదు.

ఇటువంటి తప్పు మా ఊరికే ప్రత్యేకమైంది కాదు. స్కాట్లండు రాజధాని ఎడిన్‌బరో పేరును ఏడో శతాబ్దపు ఎడ్విన్ రాజుతో ముడిపెట్టి, 'ఎడ్విన్ కోట' అని చాలాకాలం చెప్పుకున్నారు. పేరులో రాజు వినిపిస్తున్నాడు, చరిత్రలో రాజు ఉన్నాడు, ఇంకేం కావాలి? తీరా భాషాచరిత్రకారులు పరిశీలిస్తే, ఎడ్విన్‌కు ముందునుంచే ఆ కొండకోటకు 'ఐడిన్' అనే పేరుందని తేలింది. దాన్ని పెట్టింది అంతకు మునుపు అక్కడున్న, ఇంగ్లీషు రాని జనం. రాజు ఆ పేరులోకి తరవాత జొరబడ్డాడు. మన స్థలపురాణాల తీరు కూడా ఇదే. నెల్లూరు పేరుకు ఒక నెల్లిచెట్టు, దాని కింద ఒక లింగం, ఒక రాజుగారి కల దొరికాయి. 'నెల్లు' అంటే వడ్లు అనే దారి కూడా ఉందని చెప్పేవాళ్లు ఉన్నా, మొలగొలుకులు పండించిన రైతు ఆ కథలో పాత్ర కాలేకపోయాడు. ఈ రెంటిలో ఏది నిజమో నిర్ణయించడం నా ఉద్దేశం కాదు. నిర్ణయం జరగకముందే ఏ కథకు గుడి కట్టారో, ఏ కథను పొలంలోనే వదిలేశారో చూడమంటున్నాను.

ఊళ్ల పేర్లను శాస్త్రీయంగా చదవవచ్చని మన అభ్యుదయ సాహిత్యోద్యమానికి చూపించినవారు కేతు విశ్వనాథరెడ్డిగారు. 2023లో మనల్ని వదిలి వెళ్లినప్పుడు అందరూ ఆయన కథలనే తలచుకున్నారు. అది సహజమే. కాని ఆయన డాక్టరేటు కడప జిల్లా ఊళ్ల పేర్ల మీద చేసిన పరిశోధనకు వచ్చిందని మన యువ రచయితల్లో ఎంతమందికి తెలుసు? ఆ పరిశోధనా, ఆ కథలూ ఒకే మనిషి చేసిన ఒకే పని అని నా అభిప్రాయం. ఊరి పేరులో చెరువు, మిట్ట, వంక, కులం, మాన్యం ఎక్కడున్నాయో వెదికిన కన్నే కథలో కరువును చూసింది. మన విమర్శకులు కథల్ని మాత్రం తీసుకుని, పేర్ల పనిని భాషాశాస్త్ర శాఖవారికి వదిలేశారు.

ఈ పని మా ప్రాంతంలో ఎంత చేయవచ్చో చెప్పడానికి ఒక్క 'కండ్రిగ' చాలు. గూడూరు, కోట, వాకాడు చుట్టుపక్కల ఈ మాటతో ముగిసే ఊళ్లు ఎన్నో ఉన్నాయి. 2014లో క్రికెట్ ఆటగాడు సచిన్ తెండూల్కర్ దత్తత తీసుకోవడంతో దేశమంతటికీ తెలిసిన పుట్టంరాజువారి కండ్రిగ వాటిలో ఒకటి. ఖండిక, ఖండ్రిక, కండ్రిగ: భూమిలో ఒక ముక్క, ఒకరికి తక్కువ పన్ను మీదో ఇనాముగానో విడగొట్టి ఇచ్చినది. అగ్రహారం అంటే ఎవరికి ఇచ్చారో తెలుస్తుంది. పాళెం అంటే ఏ దండు దిగిందో, ఏ పాళెగాడి నీడ పడిందో తెలుస్తుంది. 'ఫలానావారి కండ్రిగ' అన్నప్పుడు ఆ 'వారి' అనే రెండక్షరాలు భూమి పట్టా. ఆ కండ్రిగలో ఇసక నేలను గుల్లచేసి దొరువు తవ్వినవాడి పేరు, దొరువు నీళ్లు కుండలతో మోసి నారుకు పోసినదాని పేరు ఆ ఊరి పేరులో లేవు. మా తీరంలో 'కుప్పం' అని ముగిసే పేర్లు వేరు. అవి సముద్రం మీద బతికేవాళ్లు తమ గుడిసెల గుంపుకు తాము పెట్టుకున్న పేర్లు. ఒకటి దానపత్రం మీద పుట్టిన పేరు, ఒకటి నోట పుట్టిన పేరు. రెండూ ఇప్పుడు ఒకే నీలం రంగు బోర్డు మీద, ఒకే సైజు అక్షరాల్లో ఉన్నాయి. ఆ సమానత్వం రంగుది మాత్రమే.

మా మండలంలోనే ఉన్న దుగరాజపట్నం మరింత విచిత్రమైన సాక్షి. ఇంగ్లీషు కంపెనీవాళ్లు 1626లో అక్కడ వర్తకస్థానం పెట్టి, ఫిరంగులతో కోట కట్టుకున్నారు. తమకు సాయపడిన ఆర్ముగం మొదలియారు పేరు మీద ఆ చోటును 'ఆర్మగాన్' అన్నారు. అక్కడి అధికారి ఫ్రాన్సిస్ డే తరవాత దక్షిణంగా స్థలం వెదుక్కున్నాడు. 1640 నాటికి వాళ్ల మకాం మద్రాసుకు మారింది. అక్కడా ఇదే కథ. స్థలం ఇచ్చిన దామెర్ల నాయకుల తండ్రి చెన్నప్ప పేరు చెన్నపట్నంలో నిలిచింది. దుగరాజపట్నం కోట ఇసకలో కలిసినా, సముద్రపు పటాల మీద 'ఆర్మగాన్' నిలిచింది. కంపెనీ ఇక్కడికి వచ్చింది మొదలియారు కోసం కాదు, గుడ్డల కోసం. ఆ గుడ్డ నేసిన సాలె, రంగు అద్దిన చేయి ఏ పటంలోనూ లేవు. దళారి పేరు రెండు భాషల్లో బతికింది, పనివాడి పేరు ఒక్కదానిలోనూ బతకలేదు. ఇది నేను కోపంతో అంటున్న మాట కాదు, పటం చూసి అంటున్న మాట.

'అయితే కైఫియతులు ఉన్నాయి కదా' అని మిత్రులు అడగవచ్చు. ఉన్నాయి. వాటిని పోగుచేయించిన కల్నల్ కాలిన్ మెకంజీ స్కాట్లండు వాయవ్యాన లూయిస్ దీవిలోని స్టోర్నోవే అనే రేవు ఊళ్లో పుట్టినవాడు. 1815లో భారతదేశానికి మొదటి సర్వేయర్ జనరల్ అయ్యాడు, 1821లో చనిపోయాడు. ఆయనకు కళ్లూ చెవులూ నాలుకా అయినవాళ్లు ఏలూరు కావలి సోదరులు బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి. వాళ్లు ఊరూరూ తిరగకపోతే మన గ్రామచరిత్ర ఈమాత్రం కూడా మిగిలేది కాదు. ఆ రుణం ఒప్పుకుందాం. కాని ఊళ్లోకి వెళ్లినవాడు ఎవరిని అడిగాడు? కరణాన్ని అడిగాడు, గుడి స్థానికుణ్ణి అడిగాడు. కరణం కవిలె విప్పాడు. కవిలెలో దానాలున్నాయి, దాతలున్నారు, దేవుళ్లున్నారు. పేరు పుట్టుక అడిగితే ముక్కంటి రాజో, జనమేజయుడో వచ్చి నిలబడ్డారు. మాలపల్లెలో ఆ చోటును ఏమంటారో అడిగిన జాడ ఆ కాగితాల్లో ఎక్కడో గాని కనబడదు. కైఫియతు సాక్ష్యమే. కాని ఒక పక్షం సాక్ష్యం.

మెకంజీ పేరే ఒక పాఠం చెబుతుంది. 'మాక్' అంటే గేలిక్ భాషలో కొడుకు. తక్కింది కెనెత్ అనే పేరుకు గేలిక్ రూపం. పాత స్కాట్స్ రాతలో మన మూడంకెను పోలిన అక్షరం ఒకటి ఉండేది. దానిది యకారానికి దగ్గరి ధ్వని. అచ్చు అక్షరాలు పోతపోసేవాళ్ల దగ్గర ఆ అక్షరం లేక, చూపుకు దగ్గరగా ఉందని 'జడ్' పెట్టారు. చూసినదాన్ని చూసినట్టు చదివేవాళ్లు 'జ' అన్నారు. అచ్చుపెట్టెలో లేని ఒక అక్షరం ఒక వంశం పేరును మార్చేసింది. మనకూ అటువంటి అక్షరం ఒకటుంది. పాత తెలుగు శాసనాల్లో కనిపించే 'ఴ' మనకు పోయింది, అరవంలో ఇప్పటికీ బతికి ఉంది. వాళ్లు ఆ అక్షరంతో పలికే ఏడును, కోడిని మనం డకారంతో పలుకుతాం. చోఴులు మనకు చోడులయ్యారు. మా పులికాటు సరస్సుకు అరవంలో ఉన్న పేరులోనూ ఆ అక్షరమే ఉంది. కనుక ఈ తీరంలో పేరు చరిత్ర చెప్పదలచినవాడు తెలుగు నిఘంటువు ఒక్కటే పక్కన పెట్టుకుంటే చాలదు. సూళ్లూరుపేట బస్సులో అరవం మాట్లాడే కూలీల మాట కూడా వినాలి.

నిఘంటువుల ప్రస్తావన వచ్చింది గనుక నాకు అత్యంత ఇష్టమైన స్కాట్లండు మనిషిని గురించి చెబుతాను. జేమ్స్ మర్రే 1837లో డెన్‌హోమ్ అనే చిన్న ఊళ్లో దర్జీ కొడుకుగా పుట్టాడు. పద్నాలుగేళ్లకే బడి చదువు ముగిసింది. తరవాత హాయిక్ పట్టణంలో బడిపంతులు అయ్యాడు. తాను పుట్టిన దక్షిణ స్కాట్లండు మాండలికం మీద 1873లో పుస్తకం అచ్చువేశాడు. ఆ పుస్తకం రాసిన పంతులే 1879లో మహా ఇంగ్లీషు నిఘంటువుకు సంపాదకుడయ్యాడు. మొదటి భాగం 1884లో వచ్చింది, 1915లో ఆయన పోయాడు, పని 1928లో పూర్తయింది. చదివేవాళ్లందరికీ ఆయన విజ్ఞప్తి పంపాడు: ఫలానా మాట ఫలానా పుస్తకంలో, ఫలానా ఏట, ఫలానా వాక్యంలో వచ్చిందని చీటీ రాసి పంపండి. వేలమంది రాశారు. పెరట్లో ఇనపరేకుల షెడ్డు వేసుకుని ఆ చీటీలు పేర్చుకుంటూ కూర్చున్నాడు. ఒక మాటకు అర్థం చెప్పేది పండితుడి బుద్ధి కాదు, తేదీ వేసిన వాడుకల వరస అనే సూత్రం ఆ షెడ్డులో గట్టిపడింది.

అయితే ఆ మహానిఘంటువు కూడా అచ్చయిన పుస్తకాన్ని ఎక్కువ నమ్మింది. స్కాట్లండు జనం నోటి మాటకు వేరే కష్టం పడవలసి వచ్చింది. జాన్ జామిసన్ అనే క్రైస్తవ బోధకుడు 1808లో స్కాట్స్ భాషకు మొదటి పెద్ద నిఘంటువు తెచ్చాడు. ఇరవయ్యో శతాబ్దంలో మొదలైన జాతీయ స్కాట్స్ నిఘంటువు పది సంపుటాలతో 1976లో గాని ముగియలేదు. ఆ కాలమంతా వాళ్ల బడుల్లో పంతుళ్లు ఏం చేశారు? పిల్లవాడు 'బెయిర్న్' అంటే 'చైల్డ్' అను అని దిద్దారు. 'బెయిర్న్' మొరటుమాట కాదు, పాత ఇంగ్లీషులో పిల్లవాణ్ణి అనే అసలు మాటల్లో ఒకటి. దక్షిణాన చచ్చిపోయింది, ఉత్తరాన బతికింది. బతికినచోట తప్పుమాట అయింది.

ఇది చదివినప్పుడు నా వీపు మీద దెబ్బ పడినట్టయింది. ఇరవై ఏళ్లుగా నేను బడిలో 'పిలకాయలు' కొట్టేసి 'పిల్లలు' రాయిస్తున్నాను. 'వచ్చుండాడు' కొట్టేసి 'వచ్చాడు' రాయిస్తున్నాను. 'ఉండాడు'లో 'ఉండు' అనే ధాతువు చెక్కుచెదరకుండా కనిపిస్తోంది. 'ఉన్నాడు'లో అది అరిగి మారింది. ఏది చెడిన రూపం? కాపు 'మడక' అంటే నేను 'నాగలి' అని దిద్దేవాణ్ణి. 'కయ్య' అంటే 'మడి' అనేవాణ్ణి. భద్రిరాజు కృష్ణమూర్తిగారు ఊళ్లు తిరిగించి, రైతుల నోట మాటలు రాయించి, 1962లో వ్యవసాయ వృత్తిపదకోశం తెచ్చేదాకా ఈ మాటలకు తెలుగు పండితలోకంలో కుర్చీ లేదు. బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరం 1885 నాటిది. సూర్యరాయాంధ్ర నిఘంటువు మొదటి సంపుటం 1936లో వచ్చింది. రెండూ గొప్ప పనులే. కాని గ్రంథంలో లేని మాట మాట కాదు అనే నియమం వాటికి పునాది. గిడుగు రామమూర్తిగారి పోరాటం బడి పుస్తకంలో గెలిచినా నిఘంటువు గడప దగ్గర ఆగిపోయింది. అంతకు ముందే, 1852లో, బ్రౌన్ జనం నోటి మాటనూ తీసుకున్నాడు. 1854లో తెలుగులో కలిసిన అన్యదేశ్యాలకు మిశ్రభాషా నిఘంటువు కూడా వేశాడు. ఆయన దొరతనం అవసరాల కోసమే చేశాడని నాకు తెలుసు. కచేరీలో రైతు అర్జీ అర్థం కావాలి గదా! అవసరం ఏదైతేనేం, రైతు మాట అచ్చెక్కింది. మన పండితుడికి ఆ అవసరమే లేకపోయింది.

దీని వల్ల విమర్శకు కలిగిన నష్టం చిన్నది కాదు. స. వెం. రమేష్ 'ప్రళయకావేరి కథలు' మా సరస్సు పక్కనుంచి వచ్చిన పుస్తకం. దాని మీద వచ్చిన వ్యాసాల్లో 'యాస సొగసు', 'మాండలికపు పరిమళం' అనే మాటలు నేను చాలాసార్లు చదివాను. ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కతలు' మీదా, నామిని కథల మీదా అవే మాటలు. పరిమళం పూసుకునేది. భాష బతుకు. ఒక చేపకు, ఒక గడ్డికి, నీటి లోతుకు ఒక్కొక్క పేరున్న జనం ఆ పేర్లతోనే తిండి సంపాదించుకున్నారు. ఆ మాట ఎప్పటిది, ఎవరిది, ఎవరు వాడడం మానేశారు, ఎందుకు మానేశారు అని అడగని విమర్శ ఎంత సానుభూతి ఒలకబోసినా ఆ పుస్తకానికి అతిథి మాత్రమే.

ఇక పేరు మనుషుల మీద ఎలా బరువవుతుందో చూద్దాం. ఇంగ్లీషులో 'స్టీవర్డ్' అనే మాట పాత కాలంలో 'ఇంటి కాపరి' అనే అర్థంలో పుట్టింది. స్కాట్లండు రాజుల కొలువులో పెద్ద కాపరి పదవి ఒక వంశానికి దక్కి, పదవే ఇంటిపేరు అయి, ఆ వంశమే సింహాసనం ఎక్కింది. ఫ్రాన్సులో పెరిగిన మేరీ రాణి కాలంలో ఆ పేరు ఫ్రెంచి వర్ణక్రమంతో 'స్టూవర్ట్' అయింది. ఆ మాట ఎంత దూరం ప్రయాణం చేసిందో చూడండి. నేరస్థ జాతుల చట్టాన్ని 1911లో మద్రాసు రాజధానికి కూడా వర్తింపజేశారు. ఎరుకలవాళ్లను పుట్టుకతోనే దొంగలుగా లెక్కవేసి, సాల్వేషన్ ఆర్మీ ఆధ్వర్యంలో బాపట్ల దగ్గర ఒక కాలనీలో నిలిపారు. మద్రాసు ప్రభుత్వంలోని హెరాల్డ్ స్టూవర్ట్ అనే అధికారి పేరు దానికి పెట్టారు. ఇంటి కాపరి అనే మాట దొంగలనే ముద్ర పడ్డ జనానికి ఊరిపేరు అయింది! 1952లో దేశమంతటా ఆ చట్టం రద్దయింది. చట్టం పోయింది గాని పేరు చేసే పని ఆగలేదు. 1991లో ఆ ఊరి పేరుతో రెండు సినిమాలు వచ్చాయి. 2023లో అక్కడి మనిషి కథతో మరొకటి వచ్చింది. ఆ ఊరివాళ్లు తమ చిరునామా చెప్పుకోవడానికి జంకే పరిస్థితి కల్పించింది దొర ఒక్కడే కాదు, మన వినోదం కూడా. జాషువా కూతురు హేమలతా లవణం అక్కడికి వెళ్లి మనుషులతో పనిచేశారు. మన సాహిత్యంలో చాలామంది ఆ పేరుతో మాత్రమే పనిచేశారు.

పేరును శిక్షగా వాడడం ఆ స్కాట్లండులోనే ఇంకో విధంగా జరిగింది. 1603లో మెక్‌గ్రెగర్ అనే తెగవాళ్లు ఆ పేరు పెట్టుకోకూడదని, పెట్టుకుంటే మరణశిక్షేనని రాజు ఉత్తర్వు చేశాడు. నడుమ కొన్నాళ్లు సడలించినా, నిషేధం పూర్తిగా తొలగింది 1774లో. బతకడానికి వాళ్లు వేరే ఇంటిపేర్లు పెట్టుకున్నారు. మన దగ్గర ఇటువంటి ఉత్తర్వు అక్కర్లేకపోయింది. దళితుడి ఇంటిపేరు రిజిస్టరులో రాయకుండా వదిలేస్తే చాలు. ఆ పని ఏ రాజూ చేయలేదు, నాలాంటి పంతుళ్లే చేశారు.

ఇప్పుడు మా తరగతి గదికి వస్తాను. ఎనిమిదో తరగతిలో ఒక యానాదుల పిల్ల ఉంది. వాళ్ల అవ్వ శ్రీహరికోట దీవిలో పుట్టింది. 1969లో ఆ దీవిని రాకెట్ కేంద్రానికి ఎంచుకున్న తరవాత వచ్చేసిన కుటుంబాల్లో వాళ్లదొకటి. ఒకరోజు ఆ పిల్ల లేచి, 'సార్, యానాది అంటే అనాది నుంచి ఉండేవాళ్లని గదా, పుస్తకంలో ఉండాది' అంది. పిల్ల ముఖంలో వెలుగు ఉంది. 'అవునమ్మా' అని కూర్చోబెట్టడం తేలిక. ఏడాది ముందైతే అదే చేసేవాణ్ణి.

కాని ఆ వ్యుత్పత్తి నాకు మింగుడుపడదు. తెలుగులో మాట మొదటి 'ఏ' నోట్లో 'యా' కావడం మామూలే: ఏడ అనేది యాడ అవుతుంది, ఏట అనేది యాట అవుతుంది. ఈ కులం పేరుకు 'ఏనాది' అనే రూపం కూడా ఉంది. అంటే 'యానాది'లోని మొదటి అక్షరం వెనక ఉన్నది 'ఏ' కావడానికే ఎక్కువ వీలు. హ్రస్వమైన 'అ' ఊరికే 'యా' కాదు. అరవంలో 'ఏనాది' పూర్వం సేనానికి ఇచ్చే బిరుదు. అరవైమూడుగురు నాయనార్లలో ఒకరు ఏనాదినాథర్. ఆ బిరుదుకూ ఈ కులానికీ చుట్టరికం ఉందని నేననడం లేదు. అలా అంటే వాకాడు వ్యాసం రెండోసారి రాసినట్టే అవుతుంది. 'అనాది' దగ్గర ఆగిపోతే వేరే దారులు చూసే అవకాశమే పోతుందని మాత్రం అంటున్నాను.

ఇంకో మాట. 'అనాది' పొగడ్తలా కనిపిస్తుంది. కాని ఆది లేనిదానికి చరిత్ర ఉండదు. రెడ్లకు, కమ్మలకు, బ్రాహ్మలకు వలసలూ శాసనాలూ సంవత్సరాలూ ఇచ్చి, యానాదికి మాత్రం 'మొదటినుంచీ ఉన్నాడు, చెట్టులాగా' అని చెప్పడంలో ఒక అమరిక ఉంది. మొదటినుంచీ ఉన్నవాడికి పట్టా లేకపోవడం, దీవి ఖాళీ చేయమంటే చేయవలసి రావడం ఆ అమరికలో వింతగా తోచవు. ఇదంతా ఎనిమిదో తరగతి పిల్లకు ఎలా చెప్పను? 'పుస్తకంలో ఉండేదానికి రుజువు అడగాలమ్మా, మీ అవ్వను కూడా అడుగు' అన్నాను. పిల్ల ముఖంలో వెలుగు తగ్గింది. ఆ తగ్గడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంది. నిజం వెదకడంలో ఒక పిల్ల గర్వాన్ని తీసేసుకునే హక్కు నాకుందా అని నన్ను నేను అడుక్కున్నాను. నిలబడని దాని మీద కట్టిన గర్వాన్ని రేపు ఇంకొకడు వెక్కిరిస్తూ కూలుస్తాడు గదా అని సమాధానం చెప్పుకున్నాను. ఈ సమాధానం పూర్తిగా తృప్తినివ్వదు.

మన సంఘంలోని కొందరు మిత్రులకు ఈ పనంతా కాలక్షేపంగా తోస్తుందని తెలుసు. భూమి సమస్య ఉండగా ధాతువుల సమస్య ఎందుకని ఒకరు నన్ను ముఖం మీదే అడిగారు. కండ్రిగ అంటే ఏమిటో తెలియకుండా మీరు కండ్రిగ భూముల గురించి ఏం మాట్లాడతారని నేనూ అడిగాను. మరోవైపు, ప్రతి సంస్కృత పదం వెనకా ఒక కుట్ర చూసే మిత్రులున్నారు. వాళ్లతోనూ నాకు పేచీ ఉంది. 'రైతు' అరబ్బీ నుంచి వచ్చింది, అక్కడ దానికి 'పాలితులు' అనే అర్థం. 'వేలం' పోర్చుగీసు నుంచి వచ్చింది. ఈ మాటలు పరాయివని రైతు సంఘం పేరు మార్చుకుంటామా? మాటకు పుట్టిల్లు ఒకటి, మెట్టినిల్లు ఒకటి. ఎవరి పనిలో అరిగింది అన్నది పుట్టుక కంటే గట్టి సాక్ష్యం.

ఈ సంగతి తరగతిలో ఒకసారి నవ్వులాటగా తేలింది. మేస్త్రీ పోర్చుగీసు 'మెస్త్రె' నుంచి, మాస్టారు ఇంగ్లీషు 'మాస్టర్' నుంచి వచ్చాయని, రెంటికీ మూలం లాటిన్ 'మగిస్తెర్' అని చెప్పాను. 'అయితే మీరూ మేస్త్రీయే గదా సార్' అన్నాడు వెనక బెంచీవాడు. వాళ్ల నాయన మద్రాసులో భవనాల పనిచేసే కూలీ. మేస్త్రీ అనే మాట ఆ ఇంట్లో ఏ స్వరంతో పలుకుతారో నేను ఊహించగలను. స్కాట్లండు పల్లెల్లో పంతుల్ని 'డొమినీ' అనేవాళ్లు. అదీ లాటినే, 'అయ్యా' అని పిలుపు. మా ఊళ్లో ముసలివాళ్లు నన్ను 'అయివారు' అంటారు. ఎక్కడో ఉన్న హాయిక్ పంతులూ నేనూ ఒకే మాటకు పలికినవాళ్లం. దిద్దుడు కలం కూడా ఇద్దరి చేతిలోనూ ఉంది.

ఈ ఏడాది జూను నుంచి మా బడిలో చీటీల పని మొదలుపెట్టాను. పోస్టుకార్డు సైజు అట్టముక్క. మాట, అన్నవాళ్లు ఏ పనిచేస్తారు, ఏ ఊరు, ఏ తేదీ, అన్న వాక్యం ఉన్నదున్నట్టు. 2022లో మా మండలం నెల్లూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లాకు మారింది గనుక జిల్లా పేరు ఏది రాయాలని పిలకాయలు అడిగారు. అవ్వ ఏ జిల్లా అంటే అదే రాయమన్నాను. చాలామంది 'నెల్లూరు' అనే రాసుకొచ్చారు. ఇప్పటికి మూడు అట్టపెట్టెలు నిండాయి. సగం చీటీల్లో సినిమా మాటలే ఉన్నాయి, కొన్నింటిలో తేదీ లేదు, ఒకడు వాళ్ల తాత తిట్లన్నీ రాసుకొచ్చాడు. వాటినీ ఉంచాను.

పోయిన శుక్రవారం ఆ యానాదుల పిల్ల చీటీ ఇచ్చింది. అవ్వ చెప్పిన వాక్యమట. దీవిలో వాళ్ల గుడిసె ముందర దొరువు ఉండేదని, దొరువు పక్కన యాపచెట్టు ఉండేదని, ఆ చోటుకు వాళ్లు ఒక పేరు పెట్టుకున్నారని. ఆ పేరు కూడా రాసింది. నేను చూసిన ఏ పటంలోనూ లేని పేరు. అలవాటు కొద్దీ ఎర్రకలం తీసి, 'యాప' కింద గీత గీసి 'వే' అని దిద్దబోయి, కలానికి మూత పెట్టాను.